కొలత మారినపుడు — ఉద్యోగము, వేతనము, వైరము: ఒక విమర్శ

సంఘమువారు వెలువరించు ఇట్టి ప్రత్యేక సంచికలలో పండితులు కావ్యములను గూర్చియు, కళాభిజ్ఞులు సంగీత నాటకములను గూర్చియు వ్రాయుట పరిపాటి. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను దాటి చదివినవారమును కాము. బీదరు గాంధీ గంజులో ఒక అడతి దుకాణమున ముప్పది సంవత్సరములకు పైబడి గుమాస్తాగా పనిచేసి, అరువదవ యేడు దాటిన పిదప విశ్రాంతి పొందినవారము. మాకు తెలిసిన విద్య జమాఖర్చు వ్రాయుట. కావున ఆ విద్యకు సమీపమైన విషయమునే యెన్నుకొంటిమి. ఉద్యోగములును జీతములును మారినపుడు ప్రజలు రెండు పక్షములై యేల చీలుదురు? ఈ ప్రశ్నకు లోకమున వినవచ్చు సమాధానములు ఎంతవరకు నిలుచును? ఇదియే మా విమర్శకు విషయము.

సంస్కృతిని గూర్చిన సంచికలో జీతముల ప్రసక్తి యెందుకని పాఠకులు అడుగవచ్చును. పరరాష్ట్రమున స్థిరపడిన తెలుగు కుటుంబములకు భాష కేవలము పద్యములకును పండుగలకును సంబంధించినది కాదు. మన తాతల కాలము నుండియు భాషను ఉద్యోగపు త్రాసులో పెట్టి తూచుచునే యున్నారు. ఒకప్పుడు ఉర్దూ వచ్చినవాడు బరువైనవాడు. తరువాత ఇంగ్లీషు వచ్చినవాడు. ఆపైన కన్నడము వచ్చినవాడు. త్రాసు మారిన ప్రతిసారియు ఎవరో ఒకరు తేలిపోయిరి. తేలిపోయినవాడు ఎవరిని నిందించెననునదియే మన ప్రాంతపు రాజకీయములలో సగము కథ.

ఈ విషయమున రెండు మాటలు తరచుగా వినబడును. మొదటిది: ఆకలియే కలహమునకు మూలము, పని దొరకనివాడు తిరుగబడును అనునది. రెండవది: ప్రజలు మంచివారే, నాయకులు రెచ్చగొట్టుటచేతనే చీలిక కలుగును అనునది. రెండింటిలోను కొంత నిజము లేకపోలేదు. కాని మన ప్రాంతపు చరిత్రను ఖాతా పుస్తకమువలె పుట పుటయు తిరుగవేసినచో రెండును లెక్కకు సరిపోవు.

మొదటి మాటను పరీక్షింతము. 1946 మొదలు 1951 వరకు తెలంగాణమున సాగిన రైతాంగ సాయుధ పోరాటము ఆకలిగొన్నవారి పోరాటమే. అందు చీలిక ఎక్కడ వచ్చినది? దొరకును పాలేరునకును నడుమ, వెట్టి చేయించుకొనువానికిని చేయువానికిని నడుమ వచ్చినది. ఆంధ్ర ప్రాంతపు కార్యకర్తలును తెలంగాణపు రైతులును అందు ఒకే పక్షమున నిలిచిరి. ఒక్క సంవత్సరము గడచినది. 1952లో ముల్కీ ఆందోళనము చెలరేగినది. అందు ముందు నడిచినవారు భూమిలేని కూలీలు కారు; విద్యార్థులును, ఉద్యోగార్థులును. వారి నినాదము "నాన్ ముల్కీ గో బ్యాక్" అని. సెప్టెంబరు ఆరంభమున హైదరాబాదులో పోలీసు కాల్పులు జరిగినవి, ప్రాణములు పోయినవి. అప్పటి ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావుగారు. కాల్పులపై విచారణ జరిపినవారు న్యాయమూర్తి పింగళి జగన్మోహనరెడ్డిగారు.

ఈ రెండు ఘట్టములను ప్రక్కప్రక్కన పెట్టి చూచినపుడు మాకు తోచినదేమనగా: ఆకలి గీసిన గీత పైవానికిని క్రిందివానికిని నడుమ పడును; ఉద్యోగము గీసిన గీత ప్రక్కవానికిని ప్రక్కవానికిని నడుమ పడును. కూలీకి పోటీదారు దొర కాడు. గుమాస్తా పోస్టునకు దరఖాస్తు పెట్టినవానికి పోటీదారు మరియొక దరఖాస్తుదారే. వాని యాస వేరు, వాని ఊరు వేరు అని తెలియుటకు ఎంతయో సేపు పట్టదు.

ముల్కీ యను మాటకు చరిత్ర పాతది. నిజాము కొలువులో ఉత్తర హిందూస్థానము నుండి వచ్చిన ఉద్యోగులు పెరిగినప్పుడే స్థానికులలో అసంతృప్తి పుట్టినది. 1919 నాటి ఫర్మానా స్థానికునకే సర్కారీ కొలువని నిర్దేశించెను. రాజ్యమున పుట్టనివాడు ముల్కీ యనిపించుకొనుటకు 15 సంవత్సరముల నివాసము కావలసెను. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగిన పిదప పాలన నడుపుటకు వెలుపలి రాష్ట్రముల నుండి ఉద్యోగులు వచ్చిరి. అంతకంటె పెద్ద మార్పు వేరొకటి జరిగెను. 1918లో ఉర్దూ మాధ్యమముతో ఆరంభమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఇంగ్లీషునకు మారినది. కచేరీల భాషయు మారినది. ఉర్దూలో చదివి కొలువునకై ఎదురు చూచుచున్న వేలకొలది యువకుల చేతిలోని సర్టిఫికెటు కాగితము చినుగకుండగనే చెల్లని నోటు అయ్యెను.

ఈ సంగతి మేము గ్రంథములలో చదువక ముందే మా ఇంటిలో చూచితిమి. మా తండ్రిగారు ఉర్దూ మాధ్యమమున మెట్రిక్కు ప్యాసైనవారు. వారి చేవ్రాత ముత్యములవలె నుండెడిది. 1948 తరువాత ఒక కచేరీలో గుమాస్తా పనికి పోగా ఇంగ్లీషు అర్జీ వ్రాయుమనిరి. పట్టుదలతో ఇంగ్లీషు కొంత నేర్చుకొనిరి. అంతలో 1956 నవంబరు 1 వచ్చినది. రాష్ట్రముల పునర్విభజన సంఘము 1955 నాటి నివేదికలో బీదరు జిల్లాను తెలంగాణముతో కూడిన హైదరాబాదు రాష్ట్రమున ఉంచదలచినది. కాని తుది నిర్ణయమున జిల్లా ముక్కలైనది. జహీరాబాదు, నారాయణఖేడు ఆంధ్రప్రదేశమునకును, ఉద్గీరు, నిలంగా మొదలగునవి బొంబాయి రాష్ట్రమునకును, మన బీదరు మైసూరు రాష్ట్రమునకును పోయినవి. జహీరాబాదులోని మా పెదనాన్నగారికి ఒక రాష్ట్రము, బీదరులోని మా నాన్నగారికి మరియొక రాష్ట్రము. ఈసారి కన్నడము రావలెననిరి. మా తండ్రిగారికి మూడవ కొలత నేర్చు ఓపిక లేకపోయెను. గంజులో మునీముగా చేరిరి. జీవితాంతము వారు నిందించినది విధానమును కాదు. "పైనుండి వచ్చినవారు" అను మాటనే. ఆ పైవారు ఒకసారి మద్రాసువారు, మరియొకసారి మైసూరువారు.

ఇక రెండవ మాట, నాయకులే మూలమనునది. 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందము తెలంగాణపు కొలువులకు నివాస నిబంధనను వాగ్దానము చేసెను. 1957లో పార్లమెంటు చట్టమును చేసెను. అమలు సరిగా జరుగలేదను అసంతృప్తి పెరిగి, 1969 జనవరిలో ఖమ్మము, కొత్తగూడెము ప్రాంతముల నుండి ఉద్యమము లేచినది. విద్యార్థులును, చిరుద్యోగులును, ఎన్‌.జి.ఓ.లును ముందు కదలిరి. పేరుగల నాయకులు తరువాత వచ్చి చేరిరి. ఆ యేట మార్చిలోనే సుప్రీంకోర్టు 1957 నాటి చట్టములోని నివాస నిబంధనను కొట్టివేసినది. 1971 లోక్‌సభ ఎన్నికలలో తెలంగాణ ప్రజాసమితి 14 స్థానములలో 10 గెలిచెను. కొలది నెలలకే కాంగ్రెసులో కలిసిపోయెను. నాయకులే మూలమైనచో నాయకులు కలిసినపుడు వైరము చల్లారవలెను గదా? చల్లారలేదు. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లునని తీర్పు చెప్పగా, ఈసారి కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమము లేచినది. 1973 జనవరిలో రాష్ట్రపతి పాలన వచ్చినది.

నాలుగేండ్ల వ్యవధిలో ఒకే నిబంధన కొట్టివేయబడినపుడు ఒక ప్రాంతము మండినది. నిలుపబడినపుడు మరియొక ప్రాంతము మండినది. ఆ సంవత్సరముననే మా పెదనాన్నగారి కుమార్తెకు గుంటూరు వైపు కుదిరిన సంబంధము తప్పిపోయెను. రెండు వైపులవారును తెలుగువారే. శాఖ కుదిరినది, గోత్రము కుదిరినది, జాతకములు కుదిరినవి. కుదరనిది ముల్కీ యొక్కటే. నాయకులు నిప్పును విసరుదురు, నిజమే. కాని కట్టెలు ఎండియుండనిచో విసరుట వ్యర్థము.

ఈ కట్టెలు ఎట్లు ఎండునో చెప్పిన గ్రంథములలో మైరన్ వీనరు అను అమెరికా పండితుడు 1978లో ప్రకటించిన "సన్స్ ఆఫ్ ది సాయిల్" ప్రసిద్ధమైనది. అస్సాము, ఛోటానాగపూరు, హైదరాబాదు ప్రాంతములను ఆయన పరిశీలించెను. కేవలము వెలుపలివారు వచ్చుటచేత ద్వేషము పుట్టదు. స్థానికులలో క్రొత్తగా చదువుకొన్న తరగతి ఏర్పడి, తాను కోరు ఉద్యోగమున ఇదివరకే మరియొకడు కూర్చుండుట చూచినపుడు పుట్టునని ఆయన వాదము. మా పరిమిత జ్ఞానమునకు ఈ వాదము చాలవరకు సరియనియే తోచుచున్నది. బీదరే ఇందుకు నిదర్శనము. 1956 తరువాత కొలత మారుట మనకును తప్పలేదు. అయినను 1952, 1969 నాటి హైదరాబాదు వంటి మంట ఇక్కడ లేవలేదు. పోటీపడునంత మంది చదువుకొన్నవారు అప్పటికి లేరు.

అయితే వీనరు వాదమున ఒక లోపము కలదని మనవి చేయుదుము. చదువుకొన్న రెండు గుంపులు ఎదురుపడినచో కలహము తప్పదన్నట్లు ఆ వాదము ధ్వనించును. మా గంజులో చూచిన ఒక పాత సంగతి దీనికి ప్రత్యుత్తరము చెప్పుచున్నది. 1957 ఏప్రిలు 1న దశాంశ నాణెములు వచ్చినవి. అణాలు పోయి నయాపైసలు వచ్చినవి. 1958 నుండి శేరు, మణుగు పోయి కిలోలు, క్వింటాళ్లు విడతలుగా వచ్చినవి. గంజునకు ఇంతకంటె పెద్ద విప్లవము వేరొకటి లేదు. రైతు, అడతిదారు, దడవాయి, హమాలీ, ప్రతివాని కూలియు లాభమును తూకము మీదనే ఆధారపడి యుండును. అయినను తూకము మారినందుకు రెండు పక్షములు ఏర్పడి కొట్టుకొన్నట్లు మా పెద్దలు ఎన్నడును చెప్పలేదు. ఏల? పాత నాణెము, క్రొత్త నాణెము కొన్ని సంవత్సరములు కలిసి చెల్లినవి. మార్పిడి పట్టికలు గోడలకు అంటించిరి. గడువు ముందుగానే చెప్పిరి. అన్నిటికంటె ముఖ్యము, పాత అణాను ఎవరును చెల్లదని పారవేయలేదు. దాని విలువను క్రొత్త లెక్కలో కట్టి ఇచ్చిరి.

మా తండ్రిగారి ఉర్దూ మెట్రిక్కునకు అట్టి మార్పిడి పట్టిక ఎవరును వ్రాయలేదు. మేము చెప్పదలచిన ముఖ్య విషయము ఇదియే. ఉద్యోగములు మారుట, జీతములు మారుట కలహమునకు కారణము కాదు. గడువీయక, నేర్పక, పాత విద్యకు విలువ కట్టక కొలతను మార్చుటయు, ఆ నష్టమును ప్రక్కవాని ఖాతాలో వ్రాయుటయు కలహమునకు కారణము.

1973 సెప్టెంబరులో కుదిరిన ఆరుసూత్రముల పథకమును ఈ దృష్టితో చూడవలెను. దాని ఫలితముగా ముల్కీ నిబంధనలు రద్దై, రాజ్యాంగమున 371-డి అధికరణము చేరినది. 1975 నాటి రాష్ట్రపతి ఉత్తరువు స్థానికతను చదివిన చోటును బట్టి, వరుసగా నాలుగేండ్ల చదువును బట్టి నిర్ణయించెను. గుమాస్తా స్థాయి జిల్లా పోస్టులలో నూటికి 80 స్థానికులకు ఉంచెను. 15 ఏండ్ల నివాసమునకు బదులు నాలుగేండ్ల చదువు. అనగా కొలతయే మెత్తబడినది. అమలులో వచ్చిన లోపములు మరల కలహములకు దారితీసినవి; 2014లో రాష్ట్రము రెండైనది. అయినను పుట్టుకకు బదులు బడిని కొలతగా తీసికొనుట మంచి యడుగే.

పుట్టుకను కొలతగా తీసికొన్నచో ఏమగునో కాళోజీ నారాయణరావుగారి జీవితము చెప్పును. ఆయన 1914లో నేటి కర్ణాటకలోని రట్టిహళ్లిలో జన్మించెను. తండ్రిగారి భాష మరాఠీ, తల్లిగారి భాష కన్నడము. తెలంగాణమువారు ఆయన జన్మదినమును తమ భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. పుట్టిన ఊరిని అడుగు కచేరీ ఆయనను వెలుపలివాడనియే వ్రాసియుండును.

మన బీదరునకు వత్తము. వైజనాథ్ పాటిల్ ప్రభృతులు చిరకాలము పోరాడిన పిదప 98వ రాజ్యాంగ సవరణ వలన 371-జె అధికరణము 2013లో అమలునకు వచ్చినది. బీదరు, కలబురగి, యాదగిరి, రాయచూరు, కొప్పళ, బళ్లారి జిల్లాలకు అది వర్తించెను. ఈ ప్రాంతమునకు 2019లో కల్యాణ కర్ణాటకమను పేరు వచ్చినది. పుట్టుక చేత గాని, నివాసము చేత గాని ఈ ప్రాంతమునకు చెందినవారికి కొలువులలోను, విద్యాలయములలోను వాటా ఉండవలెనని ఆ అధికరణము చెప్పుచున్నది. అందు మాతృభాష ప్రసక్తి లేదు. తెలుగు మాటలాడు ఇంటి బిడ్డ, ఉర్దూ మాటలాడు ఇంటి బిడ్డ, కన్నడము మాటలాడు ఇంటి బిడ్డ, అందరును దాని నీడన సమానులే. కొలువునకు కన్నడ పరీక్ష ఉండుట వేరు. అది నేర్చుకొనదగినది, మనకు న్యాయముగనే తోచునది. మనవారిలో కొందరు ఈ అధికరణము మనది కాదన్నట్లు మాటలాడుట విందుము. అది పొరపాటు.

అయితే ఈ వాటాలన్నియు ఏ కొలువులకు? సర్కారీ కొలువులకు. నేడు మంచి జీతము అక్కడ మాత్రమే లేదు. హైదరాబాదులో 1998లో సైబర్ టవర్స్ ఆరంభమైన నాటి నుండి, బెంగళూరులో అంతకు ముందు నుండియే, జీతముల త్రాసు ప్రైవేటు సంస్థల వైపునకు మొగ్గినది. సర్కారీ కచేరీలలో సయితము ఒకే బల్లకు ఇరువైపుల ఒకడు పర్మినెంటు, మరియొకడు కాంట్రాక్టు. పని ఒకటే, జీతము వేరు. సమాన పనికి సమాన వేతనము తాత్కాలికులకును చెల్లునని 2016లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చినది. వాటా కోరకు పోరాడి గెలిచినవాడు లోపలికి పోయి చూడగా కుర్చీ కురచయైనది.

అందువలన పోరు ఇప్పుడు ప్రైవేటు కొలువుల మీదికి వచ్చినది. 2024 జూలైలో కర్ణాటక మంత్రివర్గము ప్రైవేటు సంస్థలలో యాజమాన్య పదవులలో నూటికి 50, ఇతర పదవులలో 70 స్థానికులకు కేటాయించు బిల్లును ఆమోదించెను. స్థానికుడనగా 15 ఏండ్ల నివాసముతో పాటు కన్నడము మాటలాడ, చదువ, వ్రాయ నేర్చినవాడు. సంస్థలు అభ్యంతరము చెప్పగా దినముల లోపలనే బిల్లును ప్రక్కన పెట్టిరి. ఆ సంస్థలను విశాఖపట్టణమునకు రండని ఆంధ్రప్రదేశ్ మంత్రియొకరు వెంటనే ఆహ్వానించిరి. అదే ఆంధ్రప్రదేశ్ 2019లో నూటికి 75 స్థానికులకే ననుచు చట్టము చేసికొనియుండెను. హర్యానా చట్టమైతే నెలకు 30,000 రూపాయల లోపు జీతములకే వర్తించునట్లు చేయబడి, 2023 నవంబరులో హైకోర్టులో వీగిపోయెను. పెద్ద జీతమునకు హద్దు లేదు, చిన్న జీతమునకు మాత్రము కంచె యన్నమాట!

సముద్రము దాటినను కథ ఇదియే. చైనా సరకుల పోటీవలన ఫ్యాక్టరీ పనులు పోయిన అమెరికా జిల్లాలలో ఓటర్లు మధ్యేమార్గమును వదలి అంచులకు జరిగిరని డేవిడ్ ఆటర్ మొదలగు ఆర్థికవేత్తలు 2020లో లెక్కలతో చూపిరి. 2025 సెప్టెంబరులో ఆ దేశము క్రొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము విధించెను. మన ఇండ్లలోనే ఎంతమంది ఆ వార్త విని నిద్రపోలేదో! ఇక్కడ స్థానికులమని వాటా కోరు మనము, అక్కడ గైర్‌ముల్కీలము. ఒకే కుటుంబము రెండు పక్షములందును ఉన్నది. ఈ యెఱుక ఉన్నవాడు ఎవరిని గూర్చియు "వెళ్లిపొండు" అని కేక వేయజాలడు.

ఇంతవరకు ఇతరులను విమర్శించితిమి. మమ్ము మేము విమర్శించుకొననిచో జమాఖర్చు ముగియదు. 2014 తరువాత కర్ణాటక మార్కెట్లలో ఆన్‌లైను వ్యాపారము వచ్చినది. మా దుకాణమున కంప్యూటరు పెట్టి ఒక కుఱ్ఱవానిని తెచ్చిరి. కన్నడము మాటలాడు ఇంటివాడు. మా జీతమునకు రెండింతలు వాని జీతము. ఆ రాత్రి ఇంటికి వచ్చి "వారు వారినే పెట్టుకొందురులే" అంటిమి. మా కుమార్తె అన్నము వడ్డించుచు, "ఆ పని మీకు రాదు గదా నాన్నా, వారని వీరని ఎందుకు?" అన్నది. సిగ్గుతో తల వంచుకొంటిమి. మా నోటి నుండి వెలువడినది మా తండ్రిగారి మాటయే.

ఆ తరువాత జరిగినది చెప్పవలెను. షావుకారుగారు మాకు మూడు నెలల గడువిచ్చిరి. ఆ కుఱ్ఱవాడే సాయంకాలము దుకాణము కట్టిన పిదప మమ్ము ప్రక్కన కూర్చుండబెట్టుకొని, "కాకా, ఇది నొక్కండి" అనుచు నేర్పెను. కందులు, మినుములు, సోయా ఏ లాటు ఎక్కడ ఎక్కింపవలెనో అతనికి మేము చెప్పితిమి. ఆరు నెలలకు అతనికి సరకు తెలిసినది, మాకు యంత్రము తెలిసినది. జీతము అతనికే ఎక్కువ. అయినను వైరము లేదు. మా నాన్నగారికి దొరకనిది మాకు దొరకినది: గడువు, నేర్పువాడు, పాత అనుభవమునకు విలువ.

కావున మన కుటుంబములకు మా విన్నపములు మూడు. మన పిల్లలకు కన్నడము చక్కగా నేర్పుడు, తెలుగును ఇంట నిలుపుడు. ఒకటి కొలువునకు, ఒకటి కొలుపునకు అని వేరుచేయక రెండును మనవే యనుకొనుడు. వాటా యడుగునపుడు పుట్టుక మీద గాక నివాసము మీదను చదువు మీదను అడుగుడు. ఆ కొలతయందు ఎవరును శాశ్వతముగా పరాయివారు కారు. కొలువు పోయినపుడు, జీతము తగ్గినపుడు ప్రక్కవాని ఇంటిపేరు చూచుటకు ముందు, త్రాసును ఎవరు మార్చిరి, గడువు ఇచ్చిరా, నేర్పిరా అని అడుగుడు. ఆ ప్రశ్నను ప్రక్కవానితో కలిసి యడుగవచ్చును.

గంజులో తూకమునకు ముందు దడవాయి ఖాళీ త్రాసును ఒకసారి ఎత్తి, రెండు పళ్లెములు సమముగా నిలిచినవా యని అందరికిని చూపును. ఆ తరువాతనే బస్తా ఎక్కించును. ఆ చిన్న ఆచారము గల చోట కొనువాడును అమ్మువాడును కలహించుట మేము అరుదుగా చూచితిమి.